ఒక పొయ్యి, రెండు బియ్యం సంచులు

నాకు బస్సు బోర్డు వరకే చదువు వచ్చు. హయత్‌నగర్ బోర్డుకూ దిల్‌సుఖ్‌నగర్ బోర్డుకూ తేడా తెలిస్తే మా పనికి చాలు. అందుకే ఇది నోటితో చెబుతున్నాను.

మా ఆయన పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టాను. ఇల్లు ఎల్బీ నగర్ చౌరస్తా వెనక బస్తీలో. మా పక్క గదిలో ఉండే ఆమెది తెనాలి దగ్గర పల్లె. భర్త లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పిండి నేను రుబ్బేదాన్ని, పచ్చడి ఆమె చేసేది. కోచింగ్ పిల్లలు నా ఇడ్లీ కోసం రాలేదు, ఆమె అల్లం పచ్చడి కోసం వచ్చారు. ఆమె లేకపోతే బండి లేదు. ఇది ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

తెలంగాణ కోసం బంద్‌లు మొదలయ్యాయి. నేనూ తెలంగాణ రావాలన్నదాన్నే. చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నవాళ్లకు చాయ్ మోశాను. అయితే పిండికి బంద్ తెలియదు. పొద్దుగూకాక పిలుపు వచ్చేసరికి పప్పు నాని ఉండేది. హాస్టళ్లు ఖాళీ అయ్యేవి, పిండి పొంగేది. మా పులిసిన పిండితో బస్తీ అంతా దోసెలు పోసుకుని బంద్‌లు గడిపింది. బంద్‌లు సమ్మెగా మారి పొడుగయ్యాక ఆ పిండీ లేదు.

అప్పుడు ఒక సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చింది. బియ్యం పంచుతారట. కాని ముందు అడిగి తెలుసుకుంటారట. గొడవలున్న చోట సాయం ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, ఎట్లా ఇస్తే బాగుంటుంది, ఇవన్నీ. బియ్యం ఇవ్వడానికి ఇంత చదువు ఉందని నాకు అప్పుడే తెలిసింది. మేడమ్ ఇంటింటికీ వచ్చి చాప మీద కూర్చుని అడిగేది. మొదటి ప్రశ్న, "మీ సొంతూరు ఏది?"

పాపం, మర్యాదకే అడిగింది. కాని ఆ రోజుల్లో ఆ ప్రశ్న వినపడగానే సందులో రోళ్ల చప్పుడు కూడా ఆగింది.

పక్కింటామె నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"వదినగారూ, ఊళ్లు రాసుకుంటున్నారంటండి. మా తమ్ముడు కూడా ఫోన్ చేశాడు, వచ్చెయ్యక్కా అని. వెళ్లిపోతానండి."

"యాడికి పోతవ్? చట్నీ ఎవరు చేస్తరు?"

"మీరు చెయ్యండి."

"నేను చేస్తే గా పిల్లలు చదువే బంద్ వెడ్తరు. జర ఊకో. నువ్వు నోరు తెరవకు, నేను చెప్త."

ఆమె నోరు తెరిస్తే రెండో మాటకు 'అండి' వస్తుంది. కాబట్టి మెడకు పాత చీర ముక్క చుట్టాను. లోపల పసుపు కూడా రాశాను. అబద్ధమైనా పద్ధతిగా ఉండాలి.

మేడమ్ వచ్చి కూర్చుంది. నాది సూర్యాపేట దిక్కు అని చెప్పాను. అది నిజమే.

"మరి ఈమె?"

"మా ఆడబిడ్డ. గొంతు పోయింది."

"అయ్యో, ఎప్పటి నుంచి?"

పక్కింటామె నోరు తెరవబోయింది. చాయ్ గ్లాసు చేతిలో పెట్టాను.

"నిన్నటి సంది."

"అయితే మీది ఒకటే పొయ్యా?"

"ఆడబిడ్డ అన్నంక రెండు పొయ్యిలెందుకమ్మా?"

ఎప్పుడూ వదినగారూ అని పిలిచే మనిషిని ఆడబిడ్డ అనడం నాకు పెద్ద అబద్ధంగా తోచలేదు.

కొన్నాళ్లకు బియ్యం వచ్చింది. ఒక పొయ్యికి ఒక సంచి అని వాళ్ల పద్ధతి. పక్క గదికి రాలేదు. వాళ్ల దృష్టిలో అక్కడ సంసారమే లేదు. నేను సంచి విప్పి సగం ఆమె డబ్బాలో పోయబోతే ఆమె మూత పెట్టేసింది.

"మీ బియ్యం మీరు వండుకోండి వదినగారూ. నేను ఇక్కడ లేనిదాన్ని కదండీ."

కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. ఆ సాయంత్రం ఆమె పచ్చడి రోలును గోనెపట్టాలో చుట్టింది. బట్టలు సర్దుకుంటే మనిషిని ఆపవచ్చు. రోలు సర్దిందంటే పోతున్నట్టే.

పొద్దున్నే మేడమ్ మళ్లీ వచ్చింది. సందులో అందరినీ కూర్చోబెట్టి, సాయంలో ఏం తప్పు జరిగిందో చెప్పమంది. మా బస్తీలో ఇచ్చినవాళ్ల ముందు ఎవరూ తప్పు చెప్పరు, మళ్లీ రారని. అందరం బాగుందన్నాం. మేడమ్ బాగుంది అని రాసుకుంది.

పక్కింటామె లేచి నిలబడి మెడ గుడ్డ విప్పింది.

"నాకు అందలేదండి. మాది తెనాలి దగ్గరండి. ఈవిడ నాకు వదినగారు కాదండి, పక్కింటావిడండి. నాది వేరే పొయ్యండి."

ఆపుకున్న అండీలన్నీ ఒకేసారి వచ్చాయి. టెంటు కింద రోజూ కూర్చునే మా సందు ఆటో డ్రైవర్ వైపు నేను చూశాను. అతను గడ్డం గోక్కున్నాడు.

"గా ముచ్చట మాకెర్కలేదా అక్కా? టెంటు కాడికి చట్నీ పంపుతివి గద. అండ్ల బెల్లముంటది. సూర్యాపేటల అల్లం చట్నీల బెల్లం ఎవరేస్తరు?"

"మెడకు గుడ్డ కట్టింది గని చట్నీకి కట్టలె," అంది అతని తల్లి.

"మరి తెలిసి కూడా నాకు చెప్పలేదేం అన్నా?" అంది మేడమ్.

"నా ఊరడిగిన్రు, చెప్పిన. ఆమెది నన్నడగలె. అయినా మేడమ్, మాకు రాష్ట్రం రావాలె గని, చట్నీ పోవాల్నని ఎవరన్నరు?"

మేడమ్ కాగితం మీద మొదటి ప్రశ్న కొట్టేసింది. తరువాత పక్క బస్తీలో 'నిన్న ఏం వండుకున్నారు?' అని మొదలుపెట్టిందని విన్నాను.

రెండోసారి రెండు సంచులు వచ్చాయి. పక్కింటామె తన సంచి మోసుకొచ్చి నా గదిలో పెట్టింది, తన గది కురుస్తుందని. తరువాత రోలు గోనెపట్టాలోంచి తీసింది. ఆ పూట నా పొయ్యి మీదే వండాం. చూసిపోదామని వచ్చిన మేడమ్ గుమ్మంలో నిలబడింది.

"రెండు పొయ్యిలన్నారు కదా?"

"రెండేనండి," అంది పక్కింటామె. "ఇవాళ ఒకటే అంటించాం."

మేడమ్‌కు కూడా పళ్లెం పెట్టాం. పచ్చడిలో బెల్లం కొంచెం ఎక్కువైంది. ఎవరూ అనలేదు.