సుభద్ర గారు నాతో అడిగించిన ప్రశ్న

తడిసిన ఉన్ని గ్లవ్స్ హీటర్ మీద ఆరుతుంటే వచ్చే వాసన ఈ ఉదయం మా కిండర్‌గార్టెన్ గదిలో తగిలింది. ఆ వాసనకి నాకు సుభద్ర గారు గుర్తొస్తారు. కెనడాలోని ఒషావాలో మేమిద్దరం పనిచేసిన బడిలో ఆవిడ మూడో తరగతి టీచరు. నేను భోజనాల వేళ పిల్లల్ని చూసుకునే సహాయకురాలిని. మంచులో ఆడి వచ్చిన పిల్లల గ్లవ్స్ ఆరబెట్టడం నా పని. తన విరామం మానుకుని ఆవిడా నా పక్కన నిలబడి పిండేవారు.

అలా పిండుతూనే ఒకరోజు, "కాలేజీలో చిన్నపిల్లల టీచింగ్ కోర్సు ఉంది కదా రమా, జాయిన్ అవ్వకూడదూ?" అన్నారు.

"కాలేజీ వాళ్లు ఫీజులో ఇచ్చే డిస్కౌంట్ మన బడిలో టీచర్లకేనటండీ. మాకు లేదు. ఫుల్ ఫీజు మావల్ల కాదు," అన్నాను.

కొన్నాళ్లకు ఆ రాయితీ గురించి టీచర్లకు చెప్పడానికి కాలేజీ నుంచి ఒక అధికారిణి వచ్చింది. సుభద్ర గారు నన్నూ, బడి శుభ్రం చేసే హెక్టర్‌నూ వెంటబెట్టుకుని వెళ్లి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ప్రశ్నలున్నాయా అని అధికారిణి అనగానే నన్ను మోచేత్తో పొడిచారు.

"మీరే అడగండి. నా ఇంగ్లీషు..." అని గొణిగాను.

"నేనడిగితే జాలిపడి అడిగినట్టుంటుంది. చదవాల్సింది నువ్వు. లే!"

లేచాను. మేమూ రోజంతా ఈ పిల్లలతోనే ఉంటాం కదా, మాకు చదువెందుకు అక్కర్లేదనుకున్నారు అని అడిగాను. అధికారిణి, "మీ గురించి అసలు ఆలోచించలేదు," అంది. ఆ మాట నిజాయితీగానే అంది. హెక్టర్ కూడా లేచి, "మాకూ డిస్కౌంట్ ఇస్తే నేను ఎలక్ట్రికల్ చదువుతా," అనేసరికి అందరం నవ్వేశాం.

వెంటనే ఏమీ మారలేదు. సుభద్ర గారు వదల్లేదు. ఈ పని మీద కాలేజీకి వెళ్లిన ప్రతిసారీ నన్ను తీసుకెళ్లి, నాతోనే మాట్లాడించారు. చివరికి బస్సు డ్రైవర్లతో సహా బడిలో పనిచేసే అందరికీ రాయితీ వచ్చింది. హెక్టర్, నేను ఒకే సెప్టెంబరులో చేరాం.

సుభద్ర గారు రిటైరై వాంకూవర్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు. కిందటేడు అక్కడే పోయారు. కోర్సు పూర్తయి, కిండర్‌గార్టెన్‌లో నాకు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు, "చెప్పండి టీచరు గారూ!" అన్న ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

బడిలో కొత్తగా చేరినవాళ్లు తమ ఇబ్బంది నాకు చెప్పుకుని, నన్ను ప్రిన్సిపాల్‌తో మాట్లాడమంటారు. సరేనని తోడు వెళతాను, పక్కనే నిలబడతాను. మాట్లాడటం మాత్రం వాళ్లకే వదిలేస్తాను.