పండక్కి ముందు పంచిన మామిడికాయ

బయటి దేశాలకి టీచర్లుగా వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఏం పట్టుకెళ్ళాలి, ఏం వదిలెయ్యాలి అని అడుగుతారు. నేను పాత డైరీ తీసి చెబుతాను. సర్టిఫికెట్ల నకళ్ళు మూడు సెట్లు, గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో. ఒరిజినల్స్ పెట్టెలో పెట్టకండి, చేతిసంచిలో ఉంచుకోండి. కళ్ళజోడు ఉంటే రెండోది ఒకటి. ప్రెషర్ కుక్కర్‌కి అదనంగా రబ్బరు. గింజలు తీసిన చింతపండు. ఇవన్నీ మా హెడ్మాస్టరు నాకు చెప్పినవే. ఒక్కటి మాత్రం ఆయన చెప్పలేదు. అది బయలుదేరడానికి ముందు అనంతగిరి కొండల్లో నాకు తెలిసింది.

డెబ్బైల చివరి మాట. అనంతగిరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఊరు కొండ దిగితే శృంగవరపుకోట వైపు. జాంబియాలో లెక్కల టీచర్లు కావాలని పేపర్లో చూసి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ అయింది, కాగితాలు వచ్చాయి. ఒప్పంద పత్రం మీద సంతకం చేసి నెలాఖరులోగా పంపాలి. అది వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు వరసగా డైరీలో "ఆకలి లేదు" అనే ఉంది. విశాఖపట్నం దాటి ఎరగనివాణ్ణి. అక్కడ జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలి, ఎవరికైనా కోపం తెప్పిస్తే ఏమవుతుంది అని ఒకటే దిగులు.

హెడ్మాస్టరు ఇథియోపియాలో ఐదేళ్ళు పనిచేసి వచ్చినాయన.

"అక్కడ పాములుంటాయాండీ?" అని అడిగాను.

"నీ క్వార్టర్లో లేవా ఏంటోయ్? పిల్లలు ఎక్కడైనా పిల్లలే. మొదటిరోజు నవ్వావో, ఏడాదంతా నీ నెత్తిమీద కూర్చుంటారు. బెత్తం చేతిలో ఉంచుకో, చాలు."

ఆ సలహా కూడా రాసుకున్నాను. దాన్ని పాటించడానికి నేను జాంబియా దాకా వెళ్ళక్కర్లేదు. బెత్తం లేకుండా క్లాసుకి వెళ్ళిన రోజు లేదు.

మార్చిలో ఒక సోమవారం ఇంటి నుంచి తిరిగి వస్తూ లేత మామిడికాయలు తెచ్చాను. ఎనిమిదో తరగతిలో కాయ కోసి ముక్కలతో భిన్నాలు చెప్పి, లెక్క సరిగ్గా చేసినవాళ్ళకి ఉప్పూ కారం అద్ది తలో ముక్క ఇచ్చాను. పిల్లలు ముక్క చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్గనుకున్నాను. బెత్తంతో బల్లమీద ఒకటి కొట్టి, నవ్వుతూనే, "తింటారా లేదా?" అన్నాను. తిన్నారు.

మర్నాడు బడికి పైన కొండమీదున్న ఊరి పిల్లలు ఒక్కరూ రాలేదు. మూడోరోజూ రాలేదు. స్కూలుకి నీళ్ళు మోసే ఆవిడది ఆ ఊరే. కడవ దించి నన్ను చూసి తల కొట్టుకుంది.

"ఎంత పని సేసినావు మాస్టారూ! మామిడి కొత్త అవనేదు కదా. దిసారి ఇంకా రోజు పెట్టనేదు. గుంటలకి నువ్వు కాయ తినిపించీసినావు."

ఏ పంటైనా, ఏ కాయైనా కొండవాళ్ళు ముందు దేవతకి పెడతారు. ఆ పండగే కొత్త. రోజు నిర్ణయించేది దిసారి, వాళ్ళ పూజారి. అంతవరకు నోట పెట్టరు. నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. మూడేళ్ళుగా ఆ పండక్కి స్కూలుకి సెలవిచ్చేవాళ్ళం. ఆ సెలవుకి నేను బస్సెక్కి ఇంటికి పోయేవాణ్ణి.

"ఒక గుంటకి జొరం వొచ్చీసింది," అంది ఆవిడ. "కాయ తిన్నందుకేనంతన్నారు. దేవత కోపం తీరేదాక బిళ్ళ మింగనీరు, ఆస్పత్రికి పంపరు."

ఆ కొండల్లో మలేరియా పిల్లల్ని ఎంత తొందరగా తీసుకుపోతుందో చూసినవాణ్ణి. హెడ్మాస్టరుకి చెబితే ఆయనా భయపడ్డాడు.

"నువ్వు పైకి వెళ్ళకు. తప్పు నాదేనని ఒప్పుకున్నావంటే అది కాగితం మీదకెక్కుతుంది. నీ పాస్‌పోర్టు అక్కడే ఆగిపోతుంది."

"పిల్ల పోతే?"

నీళ్ళావిడ వెనకాల కొండెక్కాను. దారిలో రెండుసార్లు ఆగిపోయాను. "బేగి రా మాస్టారూ, నిన్ను కోసుకు తినీరులే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దిసారి ముసలాయన. పక్కన పిల్ల తండ్రి, ఇంకో పదిమంది మగవాళ్ళు. పిల్ల గుడిసె లోపల ఉంది, మూలుగు వినిపిస్తోంది.

"లెక్కలు సెప్తావు గదా," అన్నాడు దిసారి. "మా పండగ ఎప్పుడో లెక్క కట్టనేపోనావా?"

"నేనే తినమన్నాను. పిల్లల తప్పు లేదు. మీరేం చెయ్యమంటే అది చేస్తాను. ముందు పిల్లని ఆసుపత్రికి పంపండి."

"తప్పు నువ్వే సేసి, తీర్పూ నువ్వే సెప్పీస్తావా? కూకో."

కూర్చున్నాను. వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలెట్టారు. మూడేళ్ళలో నాకు అందులో పది మాటలు కూడా రాలేదు. ఒకడు నన్ను చూసి ఏదో అన్నాడు, అందరూ నావైపు తిరిగారు. అరిచేది నామీదో, తమలో తామో తెలియలేదు. లోపల మూలుగు ఆగినప్పుడల్లా గుడిసె గుమ్మం వైపు చూసేవాణ్ణి.

చివరికి ఒక కోడిని తెచ్చి నా చేతులమీదుగా దేవతకి ఇప్పించారు. దిసారి ఏవో మాటలు చదివి, బియ్యం నా తలమీద చల్లి, నుదుటిమీద బొట్టు పెట్టాడు.

"ఇకనుంచి ఈ తప్పు నీ మీద ఉంటాది. గుంట మీద నేదు."

నేను సైన్సు చదివినవాణ్ణి. అయినా ఆ మాటకి భయం వేసింది. ఆయన నోటమాట పూర్తికాకముందే పిల్ల తండ్రి లోపలికి వెళ్ళి కూతుర్ని భుజాన వేసుకుని నాతో కొండ దిగాడు. ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు, బిళ్ళలిచ్చారు. నాలుగోరోజుకి జ్వరం దిగింది. నేను మాత్రం వారంరోజులు పూటపూటా థర్మామీటరు పెట్టుకుని చూసుకున్నాను. ఆ అంకెలన్నీ డైరీలో ఉన్నాయి.

ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదు. పది రోజులకి పిల్ల బడికొచ్చింది, బాగా చిక్కిపోయింది. క్లాసు అయ్యాక ఆపి అడిగాను.

"తినకూడదని నీకు తెలుసు కదమ్మా. ఎందుకు తిన్నావు?"

నేల చూస్తూ, "నువ్వు కొడతావని," అంది.

"దేవత కంటే నేనంటేనే భయమా?"

"దేవత ఊర్లోన ఉంటాది. నువ్వు ఎదురుగుండ ఉన్నావు."

కొండమీద పదిమంది మధ్య కూర్చున్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు నాకు. ముప్ఫైమంది పిల్లల్లో ఒక్కరు "వద్దు మాస్టారూ" అనగలిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆ ఒక్కమాట వాళ్ళ నోట రాకుండా మూడేళ్ళు కష్టపడి పనిచేసినవాణ్ణి నేనే. ఇప్పుడు అదే బెత్తం పట్టుకుని, నాకు ఏ పండగా తెలియని దేశానికి వెళ్తున్నాను.

నెలాఖరుకి రెండు రోజుల ముందు సంతకం చేసి పంపాను. భయం అలాగే ఉంది.

అందుకే అడిగినవాళ్ళకి చింతపండు సంగతి అయ్యాక ఇది చెబుతాను. ఆ ఊరి పండగలకి సెలవిస్తే గదిలో ఉండకండి, వాళ్ళు పిలిస్తే వెళ్ళండి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే అక్కడితో ఆగి, ఎందుకని అడగండి. మీకు వద్దని చెప్పగల పిల్లలు క్లాసులో ఒకరైనా ఉన్నారో లేదో మొదటివారంలోనే చూసుకోండి.

జాంబియాలో నాకు అలాంటి అమ్మాయి కనబడేసరికి రెండో టర్మ్ వచ్చింది. అప్పటివరకు ఆ క్లాసు చేత నేను ఏమేం చేయించానో ఇప్పటికీ తెలియదు.