తినని మామిడికాయ

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. పత్రికలు మాత్రం ఇంకా ఆ ప్రయత్నంలోనే ఉన్నాయి. కథ పంపడం, అది తిరిగి రావడం నాకు అలవాటే. అయినా ఆ సాయంత్రం ఘాట్‌రోడ్డు మలుపులో ఫోన్ పట్టుకుని నిలబడితే అరచేతులకు చెమటలు పట్టాయి. మా ఊరికి సిగ్నల్ దొరికేది అక్కడే. అరకు వెళ్ళే టూరిస్టులు ఆగి లోయను ఫోటో తీసుకుంటారు, నేను లోయకు వీపు పెట్టి మెయిల్ చూసుకుంటాను.

చెమటలకు కారణం నా నోరే. ఆ ముందు వారం కాఫీ పళ్ళు కోస్తూ, తోటలో అందరూ వింటుండగా మా ఆవిడతో అనేశాను. "ఇది గాని తిరిగొచ్చిందంటే ఇంక కతలు రాయను. ఒట్టు."

"ఇన్నాం బావా," అన్నాడు పక్క చెట్టు దగ్గర మా బావమరిది. వాడు విన్నాడంటే కొండంతా విన్నట్టే.

మెయిల్ తెరిచాను. రెండే ముక్కలు. నా కథలో నిన్నటినుంచి తిండి లేని మనిషి, కాళ్ళ దగ్గర రాలిపడిన మామిడికాయను చూసి కూడా దాటి పోవడం నమ్మేలా లేదట. ప్రచురించలేమట.

కిందికి దిగేసరికి మా ఇంటి ముందు మా ఆవిడా, బావమరిదీ కోసుకొచ్చిన పళ్ళలోంచి పచ్చివి ఏరుతున్నారు.

"ఏటి బావా, సంబంధం తిరిగొచ్చేసిందా? పెళ్ళికూతురికి ఏటి వంకెట్టారు?" అన్నాడు బావమరిది, నా కథనే పెళ్ళికూతుర్ని చేసి.

చదివి వినిపించాను. వాడి నవ్వు ఆగిపోయింది.

"ఎలా తింటాడు? ఊర్లో కొత్త అవ్వలేదు గదా!"

మా కొండల్లో మామిడి కొత్త పండుగ చేసి, తొలికాయలు దేవతకు పెట్టేదాకా ఎవరూ కాయ కొరకరు. ఎంత ఆకలేసినా అంతే.

"అదే గదా!" అన్నాను. పట్నంలో ఏసీ గదిలో కూర్చున్నోడికి ఏం తెలుసని, ఇంకా చాలా అన్నాను. కోపం హాయిగా ఉంది. ఆ కోపంతోనే కథలు మానేస్తే ఓడిపోయినట్టు కూడా ఉండదు.

మా ఆవిడ తలెత్తలేదు. "ఆ మాట కతలో రాసినావా?"

"రాయడమేటి? ఎవులికి తెలీదు?"

"సదివినోలికి."

ఫోన్‌లో కథ పైనుంచి కింది దాకా వెతికాను. వాగుంది, వాన మబ్బుంది, అక్కర్లేని పిట్ట కూడా ఒకటుంది. కొత్త పండుగ మాట ఎక్కడా లేదు. నా మనిషి ఊపిరి పీల్చాడని రాయనట్టే అదీ రాయలేదు. హాయిగా ఉన్న కోపం కాస్తా ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

మర్నాడు రెండు వాక్యాలు కలిపి మళ్ళీ పంపాను. ఒట్టు ఇంకా తప్పలేదని బావమరిదితో వాదించాను. పంపింది కొత్త కథ కాదు, పాతదానికి మరమ్మతు. వాడు ఒప్పుకోలేదు. ఆ రోజులన్నీ తోటలో ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. ఏదో సాకు పెట్టుకుని మలుపు దాకా ఎక్కేవాణ్ణి. అంత దూరం ఎక్కి, తీరా మెయిల్ తెరవాలంటే వేలు కదిలేది కాదు.

జవాబు వచ్చిననాడు మా ఆవిడ కూడా వెంట ఉంది.

"ఏటన్నారు?"

"తీసుకోరట. ఆఖరు తేలిపోయిందట."

"మరి కాయ సంగతి?"

మళ్ళీ చదివాను. కాయ గురించి ఒక్క మాట లేదు. "నమ్మినట్టున్నారు."

రోడ్డు పక్క గోడ మీద కూర్చుని, పరాయివాడి కథలా ఆఖరి పేరా చదివాను. నిజంగానే తేలిపోయింది. నీతి చెప్పి, దండం పెట్టి, దీపం ఆర్పేసినట్టుంది. చెరపడం మొదలుపెట్టాను.

మా బావమరిది కాఫీ పళ్ళ బస్తా నెత్తిన పెట్టుకుని, నలుగురు కూలీలతో ఆ మలుపు తిరిగాడు. ఫోన్ మీద ఆడుతున్న నా వేలు చూశాడు.

"రాసేత్తన్నావా?"

అందరి ముందూ ఒట్టు వేసినవాణ్ణి, అందరి ముందే తప్పాలి కదా.

"రాసేత్తన్నాను," అన్నాను.