మా మామ బందెలదొడ్డికి తోలిన మేకలు

పోయిన వానల్లో పాలకుర్తిలో మా ఇంటి ముందు రోడ్డు పక్కన పంచాయతీవాళ్లు మొక్కలు నాటి, ఒక్కోదాని చుట్టూ పచ్చని జాలీ కట్టి పోయారు. కట్టిన తాడు ఇంకా కొత్తగా ఉండగానే పక్కింటి మేక ఒకటి ముందుకాళ్లు జాలీ మీద ఆనించి, మెడ సాచి, చిగుళ్లన్నీ తీరుబడిగా నమలడం మొదలుపెట్టింది. నా మనవరాలు చీపురు పట్టుకుని ఉరికింది. నేను అరుగు మీద నుంచి లేవకుండా నవ్వుతూ కూర్చున్నాను. "చెట్టు పోతుంటే నవ్వుతవేంది నాయినమ్మా!" అని అది నా మీద కోపం చేసింది. ఆ మేకను చూడగానే మా అత్త వచ్చి నా ముందు నిలబడిందని దానికెట్లా తెలుస్తుంది?

నేను కోడలిగా వెళ్లిన ఊరు జఫర్‌గఢ్ దిక్కు. ఊరికి ఆనుకుని ఒక గుట్ట. మా మామ చిన్నతనంలో ఆ గుట్టకు తునికి పండ్ల కోసం పోతే చెట్ల గుబురుకు పక్కన నడిచే మనిషి కూడా కనపడేవాడు కాదట. నేను వెళ్లేనాటికి కింద నిలబడి చూస్తే పైన ఉరికే కుందేలు కనిపించేది. నాగళ్లకు కొంత, ఇంటి దూలాలకు కొంత, జనగామ కట్టెల అడితీలకు బండ్లకొద్దీ కొంత, ఊరంతా కలిసి గుట్టను నున్నగా గీకేశారు. అప్పుడు సర్కారుకు మళ్లీ అడవి పెంచాలని బుద్ధి పుట్టింది. మొదటి ఏడు గుట్టంతా గింజలు చల్లించారు. వాన రాలేదు, చీమలకు మాత్రం పండుగైంది. మరుసటి ఏడు గుట్టకు అడ్డంగా కందకాలు తవ్వించి, భూపాలపల్లి వైపు నుంచి లారీలో మొక్కలు తెప్పించారు. అడవిలో నుంచి కట్టెల లారీలు రావడమే ఎరిగిన జనం, లారీ ఎక్కి అడవే ఊరికి రావడం అప్పుడే చూశారు. "దేవుడు ఉత్తగ పెంచేటిదాన్ని సర్కారు జీతమిచ్చి పెంచుతదట!" అని ముసలివాళ్లు నోరు నొక్కుకున్నారు.

ఆ జీతం మా మామకే వచ్చింది. మొక్కలకు కావలి. ఛాతీకి అడ్డంగా పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ల. మామ ఆ బిళ్లను రోజూ చింతపండుతో తోమేవాడు. ఇంట్లో చెంబులకు లేని మెరుపు దానికి ఉండేది. అత్తకు ఆ బిళ్ల ఇంకో రకంగా అర్థమైంది. ఆమెది నర్సింహులపేట దగ్గరి ఊరు. పెళ్లప్పుడు తల్లి తోలిచ్చిన మేక సంతానమే అప్పటికి మందగా మారింది. ఆ మేకలంటే ఆమెకు కన్న పిల్లల తర్వాత అంతటివి. పెనిమిటి కావలి ఉన్న గుట్ట తన పెరడుతో సమానమని ఆమె లెక్క. ఒక్క ఆమెకేమిటి, ఊరందరి లెక్కా అదే. "నీకేందే, గుట్టంత నీ మ్యాకలదే ఇగ" అని ఇరుగుపొరుగు ముందే ఈర్ష్యపడ్డారు. దాంతో ఒక పొద్దున ఆమె ఏ జంకూ లేకుండా మందను గుట్ట మీదికి తోలి, కలుపుకు పోయింది.

సాయంత్రం ఇంటి దగ్గర మేకపిల్లలు తల్లుల కోసం గొంతు చించుకుంటున్నాయి. మామ ఒక్కడే వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

"మ్యాకలేవయ్యా?"

"బందెలదొడ్డిల ఉన్నయి."

ఊరి పంట చేలల్లో పడ్డ పశువులను పట్టి కట్టేసే దొడ్డి అది. అత్త మొహం తెల్లబోయింది. "ఎవడు తోలిండు? వాని చేతులిరగ!"

"నేనే తోలిన," అని మామ తుండుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అత్త వెళ్లి జుర్మానా కట్టి మేకలను విడిపించుకొచ్చింది. దొడ్డి కావలాయన, "మీ ఇంటాయన తోలుకొచ్చె, మీరే ఇడిపిచ్చుకపోతిరి, నడుమల నన్నెందుకు తిడతవు అవ్వా?" అని మొత్తుకున్నాడట. ఆ రోజు నుంచి ఆమె మామతో మాట్లాడడం మానేసి పొయ్యితో మాట్లాడేది. "ఓ పొయ్యీ, బువ్వయ్యిందని చెప్పు పెద్ద సర్కారుకు." మామ కూడా తగినవాడే. "ఓ పొయ్యీ, పచ్చిపులుసుల ఉప్పు లేదని చెప్పు" అనేవాడు. మధ్యలో కొత్త కోడలినైన నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేదాన్ని.

కానీ అది నవ్వులాటగా మిగలలేదు. ఒకరోజు అత్త తేల్చేసింది. "గా బిళ్లన్న ఉండాలె, నా మ్యాకలన్న ఉండాలె." మామ పట్టీ విప్పి ఆమె ముందు పెట్టాడు. "ఇడిచిపెడుతనే. కని ఈ యేడు గూడ మొక్కలు పోతె సర్కారు మల్ల మన గుట్ట మొఖం జూడదు. నేను దిరిగిన అడివి నా పిల్లలు జూడరు. గంతే నా బాధ." ఆయన అంత పొడుగ్గా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

తెల్లవారి లేచేసరికి బిళ్ల అత్త నడుముకు ఉంది. "నా మ్యాకలను వాగవతలికి తోలుకపో. చెట్లకాడ నేనుంట" అని మామకు చెప్పి గుట్టెక్కింది. ఇక ఊళ్లో మేకలున్నవాళ్ల బాధ చెప్పనలవి కాదు. మామ కసిరి పంపేవాడు, అత్త ఇంటిదాకా వచ్చి తిట్టేది.

అలా నడుస్తుండగా రేంజరు సారు మొక్కలు చూడ్డానికి వచ్చాడు. బిళ్ల పెట్టుకున్న ఆడమనిషిని చూసి మండిపడ్డాడు. "ఉద్యోగం ఒకరిది, బిళ్ల ఇంకొకరికా? రేపటి నుంచి ఇద్దరూ రావొద్దు!" నేను సద్ది పట్టుకుని అక్కడే ఉన్నాను. వాగవతలి నుంచి జీపును చూసిన మామ, ఉద్యోగం పోతుందన్న భయంతో గుట్టకు ఉరికాడు. ఆయన ఉరికితే ఆయన వెనక మేకలన్నీ ఉరికాయి. సారు కళ్ల ముందే మంద మొత్తం మొక్కల వైపు ఎక్కుతోంది!

అత్త కట్టె ఎత్తుకుని దూకింది. "నా మ్యాకలైతె ఏంది, ఆగున్రి! ఏయ్ ముసలోడా, ముందుగాల నువ్వు దిగు! నీ ఎంబడే గదా వస్తున్నయి!" మామ వచ్చిన దారినే తిరుగు పరుగు. వెనకే మేకలు. మేకల వెనక అత్త. సారు జీపును పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "సర్కారుకు ఒక్క జీతానికి ఇద్దరు దొరికారు, కానివ్వండి" అని ఎక్కి వెళ్లిపోయాడు.

మొక్కలు బతికాయి. మేకల నోటికి అందని ఎత్తుకు చెట్లు పెరిగాక, ఇక గుట్ట మీద మేపుకోవచ్చని సర్కారు కబురు పంపింది. ఆ కబురు విని అత్త గడపలో కూర్చుని గుట్ట వైపు చాలాసేపు చూసింది. అప్పటికి ముసలిదైపోయిన ఆమెకు మేకల వెంట నడిచే కాళ్లు లేవు. చెట్టుకు పెరగడానికి పట్టే కాలం, మనిషి ఆయుష్షులో నుంచే పోతుందని నాకు ఆ రోజే తెలిసింది.