నానమ్మ ముందు రెండు తువ్వాళ్లు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండీ నిండని రోజుల్లో, మా ఇంట్లో వంటంతా నానమ్మే చేసేది. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌కు మైలు దూరంలో పెంకుటిల్లు మాది. నాన్న గచ్చిబౌలి వైపు గుట్టల్లో రాళ్లు కొట్టే పనికి పోయేవాడు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి కానీ, అప్పుడు ఎటు చూసినా బండలే. తమ్ముడు పుట్టిన మూడో నెలకే అమ్మ కూడా నాట్లకు పోవడం మొదలుపెట్టింది. పగలంతా ఇంట్లో ఉండేది తాతయ్య, నానమ్మ, ఉయ్యాలలో తమ్ముడు, బడి నుంచి వచ్చాక నేను.

వంటగది చాలా చిన్నది. ఒక మూల మట్టిపొయ్యి, గోడకు చెయ్యి పట్టేంత కిటికీ. అది వానాకాలం కావడంతో ఇల్లంతా చల్లగా ఉంటోందని నానమ్మ తమ్ముడి ఉయ్యాలను వంటగది దూలానికే కట్టింది. అక్కడైతే పిల్లాడికి వెచ్చగా ఉంటుంది, తను వండుకుంటూనే తాడు లాగొచ్చు. నేను బడి నుంచి రాగానే ఆ తాడు నా చేతికిచ్చేది. తడిసిన కట్టెలు సరిగా అంటుకోక గదంతా పొగతో నిండిపోయేది. కళ్లు మండగానే నేను తాడు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. కాసేపు గచ్చకాయలాడుకుని, పొగ కాస్త తగ్గాక మళ్లీ లోపలికి వెళ్లేదాన్ని. అందులో తప్పేమైనా ఉందని నాకు ఎన్నడూ తోచలేదు.

ఒక రోజు పొద్దున తమ్ముడు పాలు తాగలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. జలుబే కదా అని నానమ్మ వాము నలిపి గుడ్డలో కట్టి వాసన చూపించింది. సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. ఆమె పట్నంలో ఒక దవాఖానలో నర్సు. వారానికోసారి ఇంటికి వచ్చినప్పుడల్లా తమ్ముణ్ని ఎత్తుకుని ముద్దు చేయకుండా వెళ్లేది కాదు. ఆ రోజు ఉయ్యాలలోకి వంగి చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది. చొక్కా పైకెత్తి చూసింది. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలా లోపలికి పోతోంది. ఎవరో తరుముతున్నట్టుగా ఎగపోస్తున్నాడు.

“తాతా, జల్ది లే. ఏదన్న బండి చూడు. గిప్పుడే దవాఖానకు పోవాలె,” అంది అక్క. ఆమె గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదటిసారి.

కబురు వెళ్లగానే అమ్మ పొలం నుంచి బురద కాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది. నాన్న ఇంకా గుట్టల నుంచి రాలేదు, తాతయ్యే దొరికిన బండి ఆపాడు. నానమ్మ ఇంట్లో ఉండనంటే ఉండనంది. నన్ను ఒక్కదాన్నే వదల్లేక నన్నూ ఎక్కించుకున్నారు. దారి పొడుగునా అక్క తమ్ముణ్ని నిటారుగా పట్టుకుని కూర్చుంది. అమ్మ ఏడవడం కూడా మరిచిపోయినట్టు వాడి పొట్టనే చూస్తూ ఉండిపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. తమ్ముడికి సూదిమందు ఇప్పించి, ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టించాక మా వైపు తిరిగింది.

“ఇంట్లో చుట్ట కాల్చేదెవరండీ?”

తాతయ్య ఒక అడుగు ముందుకేశాడు. “నేనే తాగుత డాక్టరమ్మా. గని పిలగాడు పుట్టినకాంచి ఇంట్ల ముట్టియ్యలే. అరుగు మీదనే తాగుత.” ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

డాక్టరమ్మ వంగి తమ్ముడి తల వాసన చూసింది. తర్వాత వాడి చొక్కా వాసన చూసింది. “మరి ఈ వాసనేంటండీ? మీరు బయట కాలుస్తున్నారు, వీడు లోపల కాలుస్తున్నాడు. పొయ్యి దగ్గరే పడుకోబెడుతున్నారు కదూ?”

నానమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. వెచ్చగా ఉంటుందని కట్టిన ఉయ్యాల అది. కళ్లు మండినప్పుడు నేను బయటికి పరుగెత్తేదాన్ని. తమ్ముడు పరుగెత్తలేడు. అన్నాళ్లుగా తాడు పట్టుకున్న నాకు ఆ చిన్న ముక్క ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. నేను గచ్చకాయలాడుతున్నంతసేపూ వాడు ఆ గదిలోనే ఉన్నాడు. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

మూడో రోజు తమ్ముడు పాలు తాగాడు. ఇంకో నాలుగు రోజులకు ఇంటికి పంపించారు.

ఇంటికి రాగానే తాతయ్య ఉయ్యాల విప్పి ముందరి గదిలో కట్టాడు. మర్నాడు పట్నం వెళ్లి, నెత్తిన ఇనుప పొయ్యి ఒకటి పెట్టుకుని వచ్చాడు. నిగనిగలాడే డబ్బాలాంటిది, కింద గాలి పోవడానికి రంధ్రాలు ఉన్నాయి. అమ్మినవాడు కొట్టు ముందే వెలిగించి చూపించాడట. “పొగనే రాదు. నా కండ్లతోని చూసిన,” అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

పక్కింటి అక్క వాళ్ల ఇంట్లో అప్పటికే వేరే రకం పొయ్యి ఉండేది. మట్టిదే, కాకపోతే వెనక నుంచి ఒక గొట్టం లేచి పెంకుల మీదుగా బయటికి పోయేది. అలాంటిది మాకూ కట్టిద్దామని అక్క అంటే తాతయ్య ఒప్పుకోలేదు. “ఇంటి కప్పుకు బొక్క పెడుదుమా బిడ్డా? వాన పడితే నీళ్లన్ని పొయ్యిలకే వస్తయి,” అన్నాడు. అక్క వాదించలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చింది. “తాతా, నీ తెల్ల తువ్వాళ్లు జర రెండియ్యి. మళ్ల నేనే ఉతికిస్త.”

తాతయ్యకు తువ్వాళ్లంటే ప్రాణం. భుజం మీద మల్లెపువ్వులాంటి తువ్వాలు లేకుండా వాకిలి దాటేవాడు కాదు. అయినా అక్క అడిగితే కాదనలేక తెచ్చిచ్చాడు. అక్క రెండింటినీ నీళ్లలో ముంచి పిండింది. మా వంటగదిలో ఇనుప పొయ్యి ముందు నానమ్మ కూర్చుంటే ఆమె ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో, అంత ఎత్తున తాడు కట్టి ఒక తువ్వాలు ఆరేసింది. రెండోది తమ ఇంట్లో గొట్టం పొయ్యి ముందు అంతే ఎత్తున ఆరేసింది. ఒకే మొద్దు చీల్చిన కట్టెలు రెండు మోపులు చేసింది. ఇక్కడ నానమ్మ, అక్కడ తను, ఇద్దరూ శేరు బియ్యం చొప్పున ఎసట్లో పోశారు. నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూ చూశాను.

ఇనుప పొయ్యి నిజంగానే బాగా మండింది. మట్టిపొయ్యి లాగా గది నిండిపోలేదు, నా కళ్లు కూడా అంతగా మండలేదు. తాతయ్య గడపలో చేతులు కట్టుకుని నిలబడి, “ఏది పొగ? ఎక్కడున్నది?” అని నన్నే అడిగాడు. నేను కూడా ఆయనే గెలిచాడనుకున్నాను.

అన్నం దిగాక అక్క వచ్చి మా తువ్వాలు విప్పింది. విప్పి అవతలి పక్క మా వైపు తిప్పగానే, ఇది వేరే గుడ్డేమో అనిపించింది నాకు. పొయ్యి వైపున్న పక్కంతా బొగ్గు రుద్దినట్టు నల్లబడింది. అక్క దాన్ని ఒక గిన్నెలోకి పిండింది. నల్లటి నీళ్లు కారాయి. తాతయ్య కట్టుకున్న చేతులు విడిపోయి పక్కకు జారాయి.

“గిది ఒక్క పూట వంట తాతా,” అంది అక్క. “మంట మంచిగుంటె పొగ కండ్లకు కానరాదు. గని వచ్చేది వస్తనే ఉంటది. ముంగట ఎవరు కూసుంటె వాళ్ల పానంలకే పోతది.”

తర్వాత తమ ఇంటి తువ్వాలు తెచ్చింది. దానికీ మరక ఉంది, కాకపోతే చాయ్ ఒలికినట్టు లేతగా ఉంది. “అసలు పొగ రాని పొయ్యి అనేదే లేదు తాతా. కట్టె కాలితె పొగ ఉంటది. ఎంత తక్కువ వస్తది, ఎటు పోతది, గదే చూసుకోవాలె.”

అక్క ఆ రెండు తువ్వాళ్లనూ పట్టుకుని నానమ్మ ముందు కూర్చుంది. “అవ్వా, పొయ్యి ముంగట కూసునేది నువ్వు. నువ్వే చెప్పు. గీ రెండిట్ల ఏది నల్లగున్నది?”

నానమ్మ ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. మెల్లగా చెయ్యి చాచి రెండు గుడ్డలనూ తడిమింది. “రెండూ తడిగనే ఉన్నయి బిడ్డా,” అంది.

అక్క ముఖంలో నవ్వు పోయింది. నానమ్మ చెయ్యి పట్టుకుని లేపి, వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్ల ముందు మూడు వేళ్లు చూపించింది. “ఇవి ఎన్ని అవ్వా?”

నానమ్మ తల వంచుకుని అంది. “మీ మొకాలే సక్కగ కానొస్తలేవు. రెండేండ్లాయె.”

రెండేళ్లుగా ఆమె చేతి వంట తింటున్నాం. బియ్యంలో రాళ్లేరమని నన్ను పిలిస్తే, నాకు పని నేర్పిస్తోందనుకున్నాను. సూదిలో దారం ఎక్కించమంటే ముద్దు చేస్తోందనుకున్నాను. ఆమె ముంజేతుల మీద కాలిన మచ్చలు చూసి, నానమ్మకు తొందరెక్కువ అని అమ్మతో కలిసి నవ్వాను కూడా. అన్నం ఉడికిందో లేదో ఆమె కుతకుత చప్పుడు విని తెలుసుకుంటోందని, కూర మాడుతోందో లేదో వాసనతో పసిగడుతోందని ఆ రోజే తెలిసింది మాకు.

తాతయ్య నానమ్మ దగ్గరికొచ్చి అడిగాడు. “నాకెందుకు చెప్పలేదే?”

“ఎన్నడన్న అడిగినవా?” అంది నానమ్మ. అందులో కోపమేమీ లేదు. కోపం ఉన్నా బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

తాతయ్య ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. వంటగదిలోకి వెళ్లి నానమ్మ కూర్చునే పీట మీద ఒక్కడే కూర్చున్నాడు. నేను తొంగి చూశాను. చల్లారిన పొయ్యి ముందు, ఆమె ముఖం ఉండే చోట తన ముఖం పెట్టి, గోడలు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు తనే ఇంటిమీదికెక్కి పెంకులు తీశాడు. పొయ్యి కట్టే మనిషిని అక్క పిలుచుకొచ్చింది. ఎంత ఎత్తు కట్టాలని అతను తాతయ్యను అడిగితే, తాతయ్య నానమ్మ వైపు చూపించాడు. నానమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నడుము వంచకుండా గిన్నె దింపుకునేంత ఎత్తు చాలంది. కట్టెల నోరు కుడి పక్కకు పెట్టమంది. కిటికీ ఇంకాస్త పెద్దది చేస్తే బాగుంటుందని చివర్లో మెల్లగా అంది. ఆ వంటగదిలో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి మనసులో ఇన్ని మాటలున్నాయా అని నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇనుప పొయ్యి స్నానాల నీళ్లు కాచుకోవడానికి పెరట్లోకి పోయింది.

అక్క తను పనిచేసే దవాఖానకే నానమ్మను తీసుకెళ్లి చూపించింది. శుక్లాలన్నారు. ఒక కంటికి ఆపరేషన్ చేస్తే చూపు వచ్చింది. రెండో కన్ను అంతగా బాగుపడలేదు. కట్టు విప్పాక ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ముందు తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని వాడి ముఖం తనివితీరా చూసింది. తర్వాత లేచి వంటగది గడప దాకా వెళ్లి ఆగిపోయింది. కొత్త పొయ్యి వచ్చింది కానీ గోడలకు ఇంకా సున్నం వేయలేదు. దూలం నుంచి మసి తాళ్లలా వేలాడుతోంది. ఆమె ఆ గోడను చేత్తో తాకి, చెయ్యి చూసుకుని, మళ్లీ గోడను చూసింది.

“గిన్ని దినాలు నేను గీ మసిలనే కూసున్ననా?” అంది. ఎవరో తెలియనివాళ్ల ఇంటికి వచ్చినట్టుంది ఆమె ముఖం.

తమ్ముడికి ఇప్పుడు యాభై దాటాయి. ఆఫీసు బస్సు నడుపుతాడు. చలికాలంలో కాస్త ఆయాసపడతాడు, అప్పుడల్లా నా చూపు వాడి పక్కటెముకల వైపే పోతుంది. నానమ్మ, తాతయ్య, పక్కింటి అక్క ముగ్గురూ ఇప్పుడు లేరు.

ఈ మధ్య మా అమ్మాయి మియాపూర్‌లో ఇల్లు కట్టుకుంది. మిద్దె మీద కట్టెల పొయ్యి ఒకటి పెట్టుకుని ఆదివారాలు నాటుకోడి వండించుకోవాలని ముచ్చట. భార్యాభర్తలిద్దరూ ఫోన్లో వారం రోజులు వెతికారు. ఫ్యాను తిరిగేదా, గొట్టం ఉన్నదా, స్టీలుదా, ఏది తక్కువ పొగ వదులుతుంది అని లెక్కలు వేసుకున్నారు. అంతా అయ్యాక నన్ను కూడా ఏది బాగుందని అడిగారు. ఫోన్లో బొమ్మలన్నీ చక్కగానే ఉన్నాయి. నేను మాత్రం ఆ పొయ్యి ముందు ఎవరు కూర్చుంటారని అడిగాను. వాళ్లింట్లో వంట చేసేది రోజూ పొద్దున వచ్చే వంటామె. ఆమెను ఎవరూ అడగలేదు.

తువ్వాళ్లు ఆరేసిన ఆ ఆదివారం నుంచి నాతో మిగిలింది ఈ ఒక్క అలవాటే. ఇంట్లోకి ఏ వస్తువు వస్తున్నా, దానితో రోజూ వేగేదెవరో వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల ముఖంలోకి చూసి అడుగుతాను. వాళ్లంతట వాళ్లు చెప్తారని ఎదురుచూడను. అలా అడగకుండా రెండేళ్లు గడిపేసిన ఇంట్లో పెరిగాను.

మర్నాడు పొద్దున అమ్మాయి ఇంటికి వంటామె రాగానే పొయ్యి సంగతి చెప్పి, ఎలాంటిదైతే నీకు వీలుగా ఉంటుందమ్మా అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపేసి నా వైపు తిరిగింది.

“నన్ను అడుగుతున్నరా అమ్మా?” అంది.

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గాలి ఎటు నుంచి వస్తోందో చూసొస్తానని మిద్దె మెట్లెక్కింది. నేనూ ఆమె వెనకే నెమ్మదిగా ఎక్కాను.