ఎడమ చెవిలో నూనె

ఆషాఢమాసం రెండో శనివారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆ వేళకు కంట్లో చుక్కలు వేసుకోవాలి కాబట్టి గడియారం చూస్తూనే ఉన్నాను. అంతకు మూడు రోజుల ముందు నాకు శుక్లం ఆపరేషన్ అయింది. ఖాజాగూడలో మా అమ్మాయి ఫ్లాట్‌లో, కంటికి కప్పు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. పక్కనున్న స్నానాల గదిలో మా వియ్యపురాలు మనవరాలికి తలంటు పోస్తోంది. వెల్లుల్లి కాచిన నూనె వాసన నా గదిలోకి వచ్చింది. కప్పు పట్టుకుని లేవబోయాను.

ఎందుకో చెప్పాలి. అంతకు ముందు శనివారం ఆ పిల్లకు జలుబు ఎడమ చెవిలోకి దిగి, నొప్పితో గిలగిల్లాడింది. ఆరేళ్ళ పిల్ల. డాక్టరు చూసి వారం రోజులకు మందు రాశారు. మర్నాడు పొద్దున దిండు మీద చీము కనిపించింది, నొప్పి పోయింది. అమ్మాయి ఫోన్ చేస్తే డాక్టరు మూడు మాటలు చెప్పారు. కర్ణభేరికి చిల్లు పడింది, చాలామంది పిల్లలకు అదే పూడుకుంటుంది, అందాకా చెవిలోకి నీళ్ళు గాని మరేదైనా గాని పోనివ్వకండి. మందు మధ్యలో ఆపకండి. వచ్చే శనివారం తీసుకురండి, పూడిందో లేదో చూడాలి.

మంగళవారం జ్వరం తగ్గింది. మా అమ్మాయి మందు ఆపేసింది. ఇదేమిటే అంటే, "యాంటీబయాటిక్స్ ఎక్కువైతే పొట్ట పాడవుతుందమ్మా, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ అదే అంటున్నారు" అంది. డాక్టరు మాట కంటే గ్రూపు మాట ఎక్కువైంది. శనివారం మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆఫీసులో రిలీజ్, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి పంపే రోజు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకున్నారు. అదే శనివారం పిల్లకు తలంటు. చెవిలో చిల్లు ఉందన్న సంగతి, ముందు రోజే వచ్చిన వియ్యపురాలికి చెప్పే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

"వదినగారూ! చెవిలో వెయ్యకండి, చిల్లు ఉంది!" అని మంచం మీద నుంచే అరిచాను.

"చిల్లేంది వదినా, చెవి మంచిగనే ఎండింది" అంది ఆవిడ లోపలి నుంచి. "గింత గోరువెచ్చగ జేసి ఏస్తున్న. మీ అల్లునికి చిన్నప్పుడు వారం వారం ఏసిన. ఏమన్న అయిందా? జర నీ కన్ను సంగతి చూసుకో, దీని ఫికర్ నాకిడిసిపెట్టు."

అమ్మాయిని పిలిచాను. మళ్ళీ పిలిచాను. పక్క గదిలోనే ఉంది, చెవులకు హెడ్‌ఫోన్లు. అల్లుడు బాల్కనీలో, అతని చెవుల్లోనూ అవే. గోడ పట్టుకుని నేను స్నానాల గది గుమ్మం దాకా వెళ్ళేసరికి పిల్ల తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, నూనె లోపలికి దిగడం కోసం బుద్ధిగా కూర్చుని ఉంది.

మధ్యాహ్నం అమ్మాయికి చెప్పాను.

"నొప్పి అంటోందా?"

"లేదు."

"మరింకేంటమ్మా!"

ఆ ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టేనా? వచ్చే వారం తప్పకుండా చూపిస్తామన్నారు. నా కన్ను కుదుటపడ్డాక కూకట్‌పల్లిలో నా ఇంటికి వచ్చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా "చూపించాం, బాగుంది" అన్నారు. చూపించలేదు. పైగా కింద కొలనులో ఈత నేర్పించారు.

దసరా సెలవులకు వెళ్ళాను. పిల్ల ఒళ్ళో కూర్చుంటే చెవి నుంచి కుళ్ళు వాసన. మర్నాడు బొమ్మ గీసుకుంటుంటే ఎడమ వైపు నుంచి పిలిచాను. పలకలేదు. ఇటు వచ్చి కుడి వైపు నుంచి పిలిస్తే చటుక్కున తిరిగింది. మా అమ్మాయి నవ్వింది. "ఈ ఇంట్లో పిలవగానే పలికేదెవరమ్మా?"

నిజమే. అందుకే ఎవరూ గమనించలేదు. పిలిస్తే పలకకపోవడం ఆ ఇంటి అలవాటు. బడిలో టీచరు మాత్రం గమనించింది, తప్పుగా. పిల్లకు శ్రద్ధ లేదని రాసి పంపింది. దానికి తల్లి టీవీ కట్టేసి శిక్ష వేసింది. వినపడని పిల్లకు శిక్ష!

ఆ సాయంత్రమే అందరినీ క్యాబెక్కించి మాదాపూర్‌లో అదే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పిల్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. కుడి చెవికి చకచకా ఎత్తింది. ఎడమ చెవి వంతు వచ్చాక, శబ్దం బాగా పెంచేదాకా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఎత్తాలా వద్దా అన్నట్టు అద్దంలోంచి నా వైపు చూసింది. తల్లి అప్పుడు ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

చిల్లు పెద్దదైందని, ముందు చీము ఆగాలని, ఆపరేషన్ ఇంకొన్నేళ్ళు ఆగి చెయ్యాలని, పోయిన వినికిడి అంతా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరు చెప్పారు. అల్లుడు చిటికెన వేలితో చెవి గోక్కుంటుంటే ఆయన అతని చెవి కూడా చూశారు. రోజంతా బిగించుకున్న ఇయర్‌ఫోన్ల కింద చెమ్మకు బూజు పట్టింది, దురదకు దూది పుల్లలతో తిప్పి గాయం చేసుకున్నాడు. "చెవిలో ఏమీ పెట్టకూడదని పిల్లకు చెప్పేముందు మీరు మానండి సార్" అన్నారు.

మా వియ్యపురాలికి ఫోన్‌లో చెప్పాను. "నాకెవ్వరు చెప్పలే వదినా" అంది. నేను చెప్పాను, గొంతు చించుకుని. కానీ నాకంటే ముందు చెప్పవలసినవాళ్ళు ఇద్దరున్నారు. ఆవిడ మీద నా కోపం అందుకే సగం.

ఇప్పుడు ఆ పిల్ల ఎవరు పక్కన కూర్చోబోయినా, "ఇటు రా, ఇటు వినిపిస్తది" అని కుడి పక్క చూపిస్తుంది.

పోయినవి: ఎడమ చెవి వినికిడిలో సగం. ఈత. ఒకటో తరగతిలో సగం ఏడాది పాఠాలు. టీచరు దగ్గర మంచి పేరు. మా అమ్మాయి "బాగుంది" అంటే నమ్మే అలవాటు, అది నాది.