తాళం తీసినా వెలిగే వైరు

పోయిన ఆదివారం పక్కింటాయన తన పాత కారుకు కొత్త పాటల సెట్టు బిగించుకుంటూ ఉంటే, నేను బట్టలు ఆరేసే నెపం పెట్టుకుని అరగంట గోడ దగ్గర నిలబడిపోయాను. నిజానికి ఆరేయడానికి ఉన్నవి రెండు తువ్వాళ్లే. ఆయన ఎడమ పక్క సీట్లో వంగి, సెట్టు పెట్టే కంతలో మోచేతి దాకా చెయ్యి దూర్చి ఉన్నాడు. ఒళ్లో ఫోను, అందులో ఎవరో హిందీలో వైర్ల గురించి చెబుతున్నారు. ఆయన భార్య డ్రైవరు సీట్లో కూర్చుని, ముందున్న చిన్న టెస్ట్ బల్బును చూస్తూ, ఆయన ఆన్ అంటే తాళం ముందుకి, ఆఫ్ అంటే వెనక్కి తిప్పుతోంది. మధ్యలో వేరే మాట లేదు. "బల్బు వెలిగెనా?" అని ఆయన. "ఏమో, ఎండకు కనపళ్యా" అని ఆమె. ఆ పిల్ల అంత మౌనంగా కూర్చుంటే ఆయన వెతికే వైరు ఎప్పటికి దొరకాలి అనిపించింది నాకు. ఎందుకంటే మా ఇంట్లో ఆ వైరు దొరికేది నా నోటితోనే.

నేను కాపురం ఉండేది వేంపల్లెలో గానీ పుట్టింది బేతంచెర్లలో. అక్కడ రాళ్లకు పాలిషు పట్టే మిషన్ల దారిలో, రేకుల కింద మా నాయనకు చిన్న షాపు ఉండేది. కార్లకూ జీపులకూ లైట్లు, హారన్లు, పాటల సెట్లు బిగించేవాడు. ఆ దారిలో అన్నీ తెల్లగానే ఉంటాయి. ఆకులు తెలుపు, కుక్కలు తెలుపు, టీ గ్లాసు పైన సన్నటి తెల్లటి పొర. నాయన కనుబొమ్మలు నెరిశాయో లేక దుమ్మో స్నానం చేసి వచ్చేదాకా చెప్పలేకపోయేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పదో తరగతిలో లెక్కలు పోయి నేను బడి మానేసినప్పటి నుంచి షాపులో మేమిద్దరమే.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి, లేకుంటే మిగతాది అర్థం కాదు. సెట్టుకు కరెంటు ఇచ్చే వైర్లు రెండుంటాయి. పసుపుది ఎప్పుడూ బ్యాటరీతోనే ఉండాలి, లేకుంటే సెట్టు టైమూ స్టేషన్లూ అన్నీ మరిచిపోతుంది. ఎర్రది మాత్రం తాళం తిప్పితే లేవాలి, తాళం తీస్తే పడుకోవాలి. పొరపాటున దాన్ని కూడా ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపామా, బండి నిలిపి ఇంటికి పోయినా సెట్టు నిద్రపోదు. పొద్దునకల్లా బ్యాటరీని తాగేసి కూర్చుంటుంది. అందుకని కారులో తాళం మాట వినే వైరు ఏదో వెతకాలి. పాత బండ్లలో అప్పటికే పదిమంది చేతులు పెట్టి ఉంటారు, వైర్ల రంగులు నమ్మడానికి లేదు. టెస్ట్ బల్బుకున్న సూదితో ఒక్కో వైరునూ గుచ్చి చూడాల్సిందే. తాళం తిప్పితే బల్బు వెలిగి, తీస్తే ఆరిపోవాలి. తీసినా వెలుగుతూనే ఉంటే అది మనకు పనికిరాదు.

నాయనకు షుగరు కంటి మీద పడింది. కర్నూలు డాక్టరు కంటి వెనక పొర చెడిపోయిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్లో చెప్పలేననీ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన ఒకే మాట అన్నాడు. "ఎవురికీ చెప్పగాకు. కండ్లు ల్యానోని చేతికి బండి ఎవురిస్తార్మా." నిజానికి ఆయన వేళ్లకు కండ్లున్నాయి. వైరు తొక్క తీయడం, మెలేయడం, టేపు చుట్టడం అంతా తడుముకునే చేసేవాడు. సెట్టు ఎర్ర వైరు కొసకు నేను ముందే చిన్న ముడి వేసి ఇచ్చేదాన్ని. చేతికి అందనిది ఒక్క బల్బు వెలుతురే.

దానికి నాయనే ఉపాయం కనిపెట్టాడు. బల్బు వైరు పొడుగు చేసి, నేను డ్రైవరు సీట్లో కూర్చుంటే నా ఒళ్లో పెట్టాడు. పైన చున్నీ కప్పుకుంటే ఎండా పడదు, బండి ఇచ్చిన మనిషికీ కనపడదు. బల్బు వెలుగుతున్నంతసేపూ నేను మాట్లాడుతూ ఉండాలి. ఆరిపోతే ఆపేయాలి. అంతే. తాళం తీసినాక నా మాట ఆగిందంటే అదే కావలసిన వైరు. దేవుడు నాకు చదువు ఇవ్వకపోయినా ఈ విద్య ధారాళంగా ఇచ్చాడు. వంకాయ పుచ్చు, ఎదురింటి మేక చీర తినడం, అహోబిలం తిరనాళ్లలో నా చెప్పు తప్పిపోవడం, ఏది దొరికితే అది. మేక సగం చీర తిన్నాక బల్బు ఆరిపోయేది, నేను ఠక్కున ఆపేదాన్ని, బండాయన మాత్రం మిగతా సగం ఏమైందా అని నా మొహం చూసేవాడు. పక్కన టీ అంగడి భాయ్ ఒకసారి నాయనతో అన్నాడు. "ఏమప్పా, నీ కూతురి నోటికి బ్యాటరీ నుంచి డైరెక్టు ఇచ్చినావా ఏమి?" నాయన శానాసేపు నవ్వాడు. అలా రెండేళ్లు నడిచింది. మేము ఊరిని బాగా మోసం చేస్తున్నామని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది.

మా వీధి చివర ఒక మామ ఉండేవాడు. చుట్టం కాదు, వరసకు మామ. ఆయన భార్యకు, అంటే అత్తకు, కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు కర్నూలులో డయాలసిస్ చేయించుకోవాల్సి వచ్చేది. ఆస్పత్రిలో వాళ్లకిచ్చిన వేళ పొద్దున ఏడు. ఐదింటికే ఇంట్లోంచి బయలుదేరేవాళ్లు. మిషను మీద నాలుగు గంటలు పడుకుని వచ్చేటప్పుడు అత్తకు మాట్లాడే ఓపిక ఉండదు, మామకు ఏం మాట్లాడాలో తెలియదు. పాటలన్నా వింటుందిలే అని మామ సెట్టు కొని, కారు మా షాపుకు తెచ్చాడు. అత్త వెనక సీట్లోనే కూర్చుంది. మామ టీకి పోయాడు.

నేను మామూలుగా మొదలుపెట్టాను. ఆ రోజు విషయం మా ఇంటి పెనం. మూడో వైరు దగ్గర నాయన "ఆఫ్" అన్నాడు. తాళం తీశాను. చున్నీ కింద బల్బు వెలుగుతూనే ఉంది, అది కాదు కదా అని నేను పెనానికి కాడ ఊడిన సంగతి చెబుతున్నాను. అప్పుడు అత్త ముందుకి వంగి, నా చెవి దగ్గర నిదానంగా అంది. "శానాసేపట్నుంచి అరుస్తాండావు తల్లీ, గొంతు పోతాది. మీ నాయనకు చూపు ల్యాదని ఊరంతా తెలుసు. తెలిసే కదా వస్తాండాం."

నా నోరు ఆగిపోయింది.

"ఆఁ, దొరికె" అన్నాడు నాయన. ఆయన మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో. సూది తీసి, వైరు తొక్క ఒలిచి, ముడి ఉన్న కొసను దానికి మెలేసి టేపు చుట్టేశాడు. బల్బు ఆరింది సూది తీశాకే. నేను చెప్పొచ్చు. ఇంకోసారి చూడు నాయనా అంటే చాలు. కానీ అత్త వెనకే ఉంది. చెబితే తన మాట వల్లే తప్పు జరిగిందని ఆమెకు తెలుస్తుంది, ఎందుకు ఆగినావని నాయన అడుగుతాడు. సాయంత్రం చెబుదాం అనుకున్నాను. సాయంత్రం నాయన రెండు ముద్దలు ఎక్కువ తిని, "మూడోదానికే పట్టేస్తి సూడు" అన్నాడు. పొద్దున చెబుదాం అనుకున్నాను.

రాత్రి మామ బటను నొక్కి పాట ఆపాడు గానీ, సెట్టు లోపల నిద్రపోలేదు. పొద్దున ఐదింటికి కారు కదల్లేదు. రాళ్ల లారీ వాళ్లు నలుగురు వచ్చి తోసి తోసి, బండి లేచేసరికి ఏడు దాటింది. కర్నూలు చేరేసరికి అత్త మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. మళ్లీ వేళ దొరికేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటికే ఆయాసం ఎక్కువై, మిషను మీద నుంచి దించి వార్డులో చేర్చుకున్నారు. వారం తర్వాత ఇంటికి వచ్చింది గానీ, ఆ తర్వాత ఎప్పుడూ ముందుకి వంగి మాట్లాడేంత మనిషి కాలేదు. అంతకు ముందే ఆమె చిక్కిపోతూ ఉండిందనీ, ఆ ఒక్క పూట వల్ల కాదనీ అందరూ అన్నారు. నేనూ అప్పుడప్పుడూ అనుకుంటాను.

మామ కారు తీసుకుని షాపుకు వచ్చాడు. "బ్యాటరీ పాతదప్పా, నీ తప్పేమీ ల్యా. ఒగతూరి సూడు అంతే" అన్నాడు. నాయన లోపలికి చెయ్యి పెట్టి సెట్టు వీపు తడిమాడు. కొంచెంసేపు అలాగే ఉంచాడు.

"తాళం యాడుండాది?"

"నా జేబులో."

"సెట్టు యెచ్చగుండాది" అన్నాడు నాయన. తర్వాత నా వైపు, అంటే నేను ఉంటానని ఆయన అనుకున్న వైపు తిరిగాడు. "ఆ పొద్దు ఎందుకు నిలిపితివిమ్మా?"

చెప్పేశాను. అత్త చెప్పిన మాట చెప్పేశాను. ఊరంతా తెలుసంట నాయనా అన్నాను. మామ తల వంచుకున్నాడు. నాయన చేతిలోని సూదిని తువ్వాలుతో తుడిచాడు, దుమ్మేమీ లేకపోయినా. "అయితే ఇన్నాళ్లూ జాలికి వచ్చిండారా" అన్నాడు. మామ "అట్ల కాదప్పా" అని జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు చున్నీ తీసి పక్కన పెట్టాను. వెలిగింది నాయనా, ఆరింది నాయనా అని పైకే చెప్పాను. ఏడో వైరు. సరిగ్గా కలిపాడు, తాళం తీసి మూడుసార్లు చూశాం. అదే నాయన బిగించిన చివరి సెట్టు. మరుసటి రోజు రేకు తలుపు తీయలేదు. భాయ్ వచ్చి పిలిచాడు, లారీ వాళ్లు వచ్చారు. వచ్చిన కొద్దీ నాయనకు అది జాలిలాగే వినిపించేది. ఆ ఏడాదిలోనే చూపు పూర్తిగా పోయింది, అత్త కూడా పోయింది. నా పెళ్లయ్యాక నాయనను మా దగ్గరికే తెచ్చుకున్నాం.

మొదట్లో నేను వంటింట్లో మాట ఆపితే చాలు, "ఆరిపాయనా?" అని మంచం మీద నుంచి అడిగేవాడు. మా ఇద్దరికీ మిగిలింది ఆ ఒక్క నవ్వులాటే. ఈ మధ్య అదీ లేదు. ఆదివారం కిటికీలోంచి పక్కింటాయన ఆన్, ఆఫ్ అనడం అంతా ఆయనకు వినిపిస్తూనే ఉంది. నేను ఏదో చెబుతూ లోపలికి వచ్చి కావాలనే మాట ఆపి నిలబడ్డాను. నాయన అడగలేదు. గోడ వైపు తిరిగి తువ్వాలు అంచును రెండు వేళ్లతో మెలేస్తూ ఉన్నాడు. బయట పాట మొదలైంది, వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. తాళం తీసిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. పాట మాత్రం ఆగలేదు. నాయన వేళ్లు నిలిచిపోయాయి.

నేను గోడ దగ్గరికి పరుగెత్తి చెప్పాను, వైరు తప్పు కలిపినారు, ఇప్పుడే తీసేయండి అని. పక్కింటాయన కారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి బటను నొక్కి పాట ఆపాడు. "రేపు సూస్తాలే అక్కా. ఒగ రేత్రికి ఏమైతాది" అన్నాడు. తిరిగి వచ్చి నాయన పక్కన కూర్చున్నాను. ఒక రాత్రి ఎంత పొడుగో బ్యాటరీ కొత్తగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియదు.